నోరు మెదపని పరీక్ష

దుప్పటి రెండు కొసలు గడ్డం కింద ఇరికించుకుని, మిగతా రెండు కొసల కోసం చేతులు బారజాపి, కోడలు డాబా మీద గుండ్రంగా తిరుగుతోంది. గాలి దుప్పటి పొట్టలో దూరి దాన్ని బూరెలా పొంగిస్తోంది. ఒక కొస చేతికందితే రెండోది జారిపోతోంది.

అది పెద్ద మంచం మీది దుప్పటి. ఇద్దరు చెరో పక్కా పట్టుకుని, ఎదురెదురుగా నడిచి, చేతిలో చెయ్యి కలిపి మడవాల్సిన దుప్పటి. ఈ ఇంట్లో అది అత్తాకోడళ్ళ పని. కబుర్లన్నీ ఆ మడతల్లోనే అయిపోయేవి.

ఇవాళ అత్తగారు పిట్టగోడ పక్కన కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నారు.

“అత్తయ్యా, ఆ కొస కాస్త అందుకుంటారా?”

అత్తగారు పలకలేదు.

“నేలకి రాసుకుంటోంది అత్తయ్యా. మళ్ళీ ఉతుక్కోవాలి.”

అత్తగారు తల కొంచెం పక్కకి వంచి, ఇంకాస్త శ్రద్ధగా చూశారు.

మామగారు అవతల నీళ్ళ ట్యాంకు మూత సర్దుతూ ఇదంతా గమనిస్తున్నారు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఎక్కడ తగాదా కనిపించినా మధ్యలో దూరి సర్దిచెప్పే అలవాటు ఉద్యోగంతో పాటు పోలేదు.

“ఏమిటే అది! పాపం ఆ పిల్ల దుప్పట్లో చుట్టుకుపోతోంది. లేచి పట్టుకోరాదూ?”

“పట్టుకోకూడదండీ,” అన్నారు అత్తగారు, ఆయనతో చెబుతున్నట్టే కోడలికి వినపడేలా. “పక్కన కూర్చుని చూడాలి. నోరు మెదపకూడదు. చెయ్యి వెయ్యకూడదు. ఎక్కడ తడబడుతోందో చూసుకోవాలి, అంతే. అదీ పద్ధతి.”

“మరి ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు అత్తయ్యా?”

“నీకేమనిపిస్తోంది?” అన్నారు అత్తగారు.

మామగారు చటుక్కున ట్యాంకు వైపు తిరిగిపోయారు. ఆయన వీపు కదులుతోంది. కోడలికీ నవ్వొచ్చింది కానీ, నవ్వితే గడ్డం కింది కొసలు కూడా జారిపోతాయని పళ్ళు బిగబట్టింది. దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది.

ఎందుకంటే ఆ మాట తనదే. కంటి ఆసుపత్రి వాళ్ళకి తను చేస్తున్న వెబ్‌సైటులో డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోమని మొన్న ఆదివారం అత్తగారిని ఫోను ముందు కూర్చోబెట్టి, తను నేర్చుకోవడానికని చెప్పి వీడియో కూడా తీసింది. తన పనిలో అదే ముఖ్యమైన ఘట్టం. చేసినవాళ్ళకి అన్నీ తేలిగ్గానే కనిపిస్తాయి. కొత్తవాళ్ళ చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా, వాళ్ళ వేలు ఎక్కడ ఆగిపోతుందో చూస్తేనే లోపం బయటపడుతుంది. నోరు జారి దారి చెప్పేస్తే పరీక్ష అక్కడితో చెడిపోయినట్టే.

అందుకే అత్తగారు ముందుకెళ్ళే బటన్ వదిలేసి, మధ్యలో గిరగిరా తిరిగే కన్ను బొమ్మని మళ్ళీ మళ్ళీ నొక్కుతున్నా ఊరుకుంది. “ఇప్పుడేం చెయ్యాలమ్మా?” అని అడిగితే, నేర్చుకున్న పాఠం ప్రకారం, “మీకేమనిపిస్తోంది అత్తయ్యా?” అంది. టీ తాగడానికొచ్చిన పక్కింటావిడ సరిగ్గా అప్పుడే కిసుక్కుమంది.

అత్తగారు ఫోను బల్ల మీద బోర్లించి లేచి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచీ, ఇవాళ్టి ఈ ఒక్క ముక్క తప్ప, కోడలితో మాట లేదు.

దుప్పటి చివరికి మడతపడింది. మడత అనే కంటే మూట అంటే బాగుంటుంది. అత్తగారు దాన్ని కిందికీ మీదికీ చూసి, మెట్లు దిగిపోయారు.

*

మధ్యాహ్నం కోడలి భర్త భోజనానికి వచ్చాడు. అతను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. ఇంట్లో అడుగుపెడుతూనే అందరి ముఖాలూ చూసి, చేతులు కడుక్కుంటూ అన్నాడు:

“ఏంటి నాన్నా, ఇంట్లో ఇంత ట్రాఫిక్ జామ్?”

“మీ అమ్మ సిగ్నలివ్వట్లేదురా,” అన్నారు మామగారు.

“అందరికీ వేళాకోళమే,” అన్నారు అత్తగారు గిన్నె మూత చప్పుడయ్యేలా పెడుతూ.

నలుగురూ కూర్చున్నారు. ఆ భోజనాల బల్లకి ఒక చివర కోడలి లాప్‌టాప్, రంగు పెన్నులు, గీతల కాగితాలు. కూరగిన్నె వచ్చినప్పుడల్లా అవి కాస్త జరుగుతాయి, గిన్నె వెళ్ళగానే మళ్ళీ కాస్త ముందుకొస్తాయి. ఆఫీసులో ఆమెకి ప్రింటర్ పక్కన విడిగా కుర్చీ, బల్ల ఉండేవి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా “ఇంకొంచెం మెరిపించు” అనే మాట వినడం, మెరిపించడం. చూసేవాళ్ళెవరో, వాళ్ళకేం కావాలో అడిగితే “అది మనకెందుకు?” అనేవారు. ఆ కుర్చీ వదిలేసి ఈ మూలకి వచ్చింది. కుక్కరు ఈలల మధ్య, మామగారి పేపరు పారాయణం మధ్య, తను అనుకున్న పని తను అనుకున్నట్టు చేస్తోంది. ఉన్నది జానెడు చోటే అయినా మనసు విశాలంగా ఉంది.

“ఇది సొంతంగా పట్టిన మొదటి పెద్ద పనమ్మా,” అన్నాడు భర్త, తల్లి కంచంలో కూర వేస్తూ. “రేపు మధ్యాహ్నం మీటింగ్. ఆసుపత్రి వాళ్ళు ఒప్పుకున్నారంటే వాళ్ళ బ్రాంచీలన్నిటిదీ ఏడాది పొడుగునా పని. ఒప్పుకోకపోతే మళ్ళీ ఆ ప్రింటర్ పక్కకే. కొత్తగా మార్చింది. ఒక్కసారి కూర్చుని చూడరాదూ?”

“మీరూరుకోండి. బలవంతం చెయ్యకండి,” అంది కోడలు.

“కూర్చోబెట్టి మళ్ళీ చూస్తుందా? పక్కింటావిడని కూడా పిలవమను. టికెట్టు పెడదాం.”

“అమ్మా, దాని పద్ధతి అది. నా పద్ధతి వేరు. నా పక్కన కూర్చుని నేర్చుకునేవాడు తడబడుతుంటే నేను చూస్తూ ఊరుకుంటే కారు గోడెక్కుతుంది. అందుకే నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు పెట్టారు. పాపం దీనికి ఆ బ్రేకు లేదు.”

“నీకు ఈ ఇంటికొచ్చిన కొత్తలో సంగతి గుర్తుందా?”

అత్తగారు అడిగింది కోడలినే. ముఖంలో ముఖం పెట్టి. భర్త చెంచా గిన్నెలోనే ఆగింది.

“ఉందత్తయ్యా.”

“గ్యాసు పొయ్యి వెలిగించాలంటే ఒణికిపోయేదానివి. అగ్గిపుల్ల గీసి, కళ్ళు మూసుకుని, అంత దూరం నుంచి విసరబోయేదానివి. అవునా?”

“అవునత్తయ్యా.”

“అప్పుడు నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నానా? నీకేమనిపిస్తోందని అడిగానా? నీ చెయ్యి నా చేతిలోకి తీసుకుని వెలిగించాను. నవ్వడానికొచ్చిన వాళ్ళని అవతలికి పంపించాను. మరి నేను అడిగితే... అంతమందిలో నోరు తెరిచి అడిగితే... పరాయిదాన్ని చూసినట్టు చూస్తూ కూర్చున్నావు.”

మామగారు నీళ్ళు తాగుతున్న గుటక చప్పుడు బల్ల చుట్టూ వినిపించింది. పద్ధతి గురించి ఎన్ని చెప్పొచ్చో అన్నీ కోడలికి తెలుసు. ఒక్కటీ ఆ ముఖం ముందు పనికొచ్చేలా లేదు.

కొడుకు వాతావరణం తేలిక చెయ్యబోయి ఇంకా బరువెక్కించాడు. “అసలు నీకు చూపు మసకగా ఉంటోంది కదమ్మా. ఎన్నాళ్ళనుంచి కళ్ళు చూపించుకోమంటున్నాం? ఆ బటన్ కనపడలేదేమో.”

“నా కళ్ళకేమొచ్చింది? నిక్షేపంలా ఉన్నాయి. దాని స్క్రీనే బాగాలేదు!”

“నిజమే అత్తయ్యా,” అంది కోడలు.

అత్తగారు ఈ జవాబు ఊహించలేదు.

“స్క్రీనే బాగాలేదు. బటన్‌ని లేత బూడిదరంగులో అడుగున ఎక్కడో పెట్టాను. ఆ కన్ను అలా మధ్యలో తిరుగుతూ ఊరిస్తుంటే ఎవరైనా దాన్నే నొక్కుతారు. ఆసుపత్రి వాళ్ళు కావాలన్నారని పెట్టాను. వద్దని గట్టిగా చెప్పాల్సింది. మీరు నొక్కబట్టే నాకు తెలిసింది.”

“తడబడింది నేనైతే తప్పు నీదెలా అవుతుంది?”

“మా పనిలో అంతే. వాడేవాళ్ళు తడబడితే తప్పు చేసినవాళ్ళది.”

“వింత పని,” అన్నారు అత్తగారు. అన్నాక, తను అలకలో ఉన్న సంగతి గుర్తొచ్చినట్టుంది, మూతి బిగించుకుని మజ్జిగ గ్లాసు అందుకున్నారు.

*

సాయంత్రం ఆసుపత్రి మేనేజరు ఫోను చేశాడు. మర్యాదస్తుడే. కానీ పైవాళ్ళ మాటకి ఎదురుచెప్పలేక నలిగిపోయే మనిషి. కోడలు స్పీకరు పెట్టి, మాట్లాడుతూనే లాప్‌టాప్‌లో మార్పులు చేస్తోంది.

“మేడమ్, కొత్త డిజైన్ చూశాం. అంతా బాగుంది కానీ ఆ కన్నేదండీ?”

“తీసేశానండి.”

“అయ్యో! పెద్ద డాక్టరుగారికి ఆ కన్నంటే ప్రాణం. వాళ్ళమ్మాయి గీసిన బొమ్మ అది.”

కోడలు నుదురు పట్టుకుంది. ఈ సంగతి ఇప్పుడా చెప్పేది!

“అందరూ దాన్నే నొక్కుతున్నారండీ. నొక్కితే ఏమీ జరగదు. ఆసుపత్రికి వచ్చేవాళ్ళు ముందే చూపు సరిగా లేనివాళ్ళు, భయపడుతూ వచ్చేవాళ్ళు. మొదటి స్క్రీన్లోనే వాళ్ళని తిప్పలు పెడితే ఎలా?”

“మీరన్నది నాకర్థమైంది. కానీ మాటలతో ఆయన వినరు. ఎవరో పెద్దావిడ ఇబ్బంది పడుతుంటే వీడియో తీశానన్నారుగా? అది పంపండి చాలు. ఒక్కసారి చూస్తే కన్ను గిన్ను అన్నీ వదిలేస్తారు.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“అది పంపనండి.”

“ఎందుకని? ముఖం కనపడకుండా చేసైనా...”

“ఆవిడ నన్ను నమ్మి కూర్చున్నారు. నేర్చుకోవడానికి తీసుకుంటానన్నాను కానీ, నలుగురికీ చూపిస్తానని అడగలేదు. నాకు పని రావడానికి ఆవిడ అవస్థ చూపించలేను.”

అవతల మేనేజరు నిట్టూర్చాడు. “అయితే ఇంకో దారి చెప్పండి. రేపు మీటింగ్‌లో, ఇదిగో ఫలానా వయసున్న మనిషి ఈ కొత్త డిజైన్‌తో ఎవరి సాయం లేకుండా అపాయింట్‌మెంట్ తీసుకోగలిగిందని మీరు చెప్పగలగాలి. నేను కూడా గట్టిగా మాట్లాడతాను. అది లేకపోతే మటుకు ఇప్పుడు నడుస్తున్న పాత సైటే ఉంటుంది మేడమ్. పాత సైటే అంటే... మీకు తెలుసుగా.”

తెలుసు. ఆ పాత సైటు చేసిన వేరే కంపెనీకే ఏడాది పని కూడా వెళ్తుంది.

ఫోను పెట్టేశాక అత్తగారు వంటింట్లోంచి వచ్చి, టీ గ్లాసు లాప్‌టాప్ పక్కన పెట్టి, తలెత్తి చూసేలోపే వెళ్ళిపోయారు. అలక మొదలయ్యాక ఇలా చేతికి టీ అందడం ఇదే మొదటిసారి. కోడలు గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని, దాని వెచ్చదనం అరచేతులకి ఎక్కేదాకా అలాగే కూర్చుంది.

“వెళ్ళి అడుగు,” అన్నాడు భర్త గుసగుసగా. “ఇనుము వేడి మీదుంది.”

“అడగను. టీ ఇచ్చారు, చాలు. దానికి బదులు ఏదో అడిగితే టీకి విలువుండదు.”

“మరి రేపు?”

“రేపు ఉన్నదే చెబుతాను. కన్ను ఎందుకు తీసేశానో చెబుతాను. వింటే విన్నారు.”

ఇలాంటి పరీక్షలకని విడిగా ఉంచుకున్న ఫోనులో కొత్త స్క్రీన్లు ఎక్కించి, ఎప్పటిలాగే ఫ్రిజ్ మీద చార్జింగులో పెట్టేసింది. ప్రింటర్ పక్కన కుర్చీ తలపుకొచ్చింది. అయినా ఆ రాత్రి ఆమెకి నిద్ర బాగానే పట్టింది.

*

పొద్దున్నే భర్త కారు క్లాసుకి వెళ్ళిపోయాడు. కోడలు మీటింగ్‌కి వేసుకునే బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. అత్తగారు గదిలోంచి తయారై వచ్చారు. తల నున్నగా దువ్వుకున్నారు. భుజానికి సంచీ ఉంది. ఇంట్లో కట్టుకునేవి కాకుండా, పెట్టెలో దాచుకునే బట్టల్లో ఉన్నారు.

“బజారుకా అత్తయ్యా?”

అత్తగారు ఆమె వైపు ఒక చూపు చూశారు. కోపంగా కాదు. ఇంకేదో ఉంది అందులో, గిన్నె మీద మూత పెట్టి లోపల ఏముందో చెప్పనివాళ్ళ చూపులా. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్ళారు.

కోడలు ఇస్త్రీపెట్టె నిలబెట్టి మామగారి వైపు తిరిగింది. పేపరు తలకిందులుగా పట్టుకుని, దాని చాటున ఆయన వెలిగిపోతున్నారు.

“ఏంటి మామయ్యా? ఏమైంది?”

“నాకేం తెలుసమ్మా! నేను నోరు మెదపకూడదు.” రెండు క్షణాలు కూడా ఆగలేకపోయారు. పేపరు పక్కన పడేశారు. “పాసైపోయావు బటన్ల ఇంజనీరూ! ఫస్టు క్లాసులో పాసైపోయావు!”

“నేనా?”

“తెల్లవారుజామున నన్ను లేపింది. ఫ్రిజ్ మీదున్న నీ ఫోను తెచ్చి, ‘ఇదిగో, నా పక్కన కూర్చోండి, చూడండి, ఒక్క మాట మాట్లాడారంటే ఊరుకోను, పరీక్ష చెడిపోతుంది’ అంది. నేను రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చున్నాను. టకటకా నొక్కేసిందమ్మా! ఎక్కడా ఆగలేదు. ఒక్కచోట మటుకు ఆగింది, ఆగి నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. మళ్ళీ తనే చదువుకుని తనే నొక్కింది.”

కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్తగారు ఎక్కడ ఆగారో కూడా ఆమె ఊహించగలదు, తేదీ దగ్గర. అది కూడా సరిచెయ్యాలి. కానీ చేశారు! ఒక్కరే చేశారు!

“నీకు మీటింగ్‌కి బయల్దేరే ముందు చెప్పమంది. ఆ మేనేజరుతో నువ్వన్న మాటలన్నీ వింది కదా నిన్న. ‘నా అవస్థ చూపించనంది, మంచిదే, ఇప్పుడు నేను చేసింది చెప్పుకోమనండి’ అంది. అంతటితో ఊరుకుందా? ‘ఉత్తినే నొక్కితే ఏం నమ్ముతారు, వెళ్ళి చూపించుకుని వస్తే అప్పుడు కదా నిజం పరీక్ష’ అంది. నేనొస్తానంటే వద్దంది. ఎవరి సాయం లేకుండా అని చెప్పాలటగా!”

“వెళ్ళి చూపించుకుని...? ఎక్కడికి మామయ్యా?”

“ఇంకెక్కడికి? ఆసుపత్రికి! ఇన్నేళ్ళు మేమందరం కాళ్ళు పట్టుకున్నా కదలని మనిషి. పదకొండింటికి అపాయింట్‌మెంట్. అందులో నవ్వుతున్న డాక్టరమ్మ బొమ్మ ఒకటుందే, బుగ్గల మనిషి, ‘ఈవిడైతే కసురుకోదు’ అని ఆవిడనే ఎంచుకుంది. పచ్చగా టిక్కు కూడా పడింది. ‘మీ కోసం ఎదురుచూస్తుంటాం’ అని రాసుంటే నాకు రెండుసార్లు చదివి వినిపించింది.”

ఆ బుగ్గల డాక్టరమ్మ ఆ ఆసుపత్రిలో లేదు. ఎక్కడా లేదు. ఊరికే దొరికే బొమ్మల్లోంచి ముఖం బాగుందని తీసి అక్కడ అతికించింది తనే. పదకొండు గంటలని టైపు చేసింది తనే. పచ్చటి టిక్కు పడేలా చేసింది తనే. అది నమూనా. నొక్కితే స్క్రీన్లు మారతాయి, అంతే. దాని వెనక ఆసుపత్రి లేదు, కౌంటరు లేదు, రాసుకునే మనిషి లేడు. ఎదురుచూసేవాళ్ళూ లేరు. ఇది ఉత్తుత్తిదని మొదటి రోజు ఫోను చేతికిచ్చేటప్పుడు చెప్పాల్సిన ఒక్క మాట, నోరు మెదపకూడదన్న ధ్యాసలో పడి చెప్పలేదు.

“అత్తయ్య ఫోను...”

“వంటింట్లో ఉంది. నీ పరీక్షల ఫోనే తీసుకెళ్ళింది, టిక్కు చూపించాలని.”

అందులో సిమ్ లేదు.

ఆమెకి ఆ కౌంటరు కళ్ళకి కట్టింది. వెనక వరసలో నిలబడ్డ జనం. ఫోను రెండు చేతులతో పట్టుకుని చూపిస్తున్న అత్తగారు. అవతల అమ్మాయి కంప్యూటరులో వెతికి, “ఇలాంటి డాక్టరు ఇక్కడ లేరమ్మా” అనడం. వెనక నుంచి ఎవరో ఒకరు కిసుక్కుమనడం. మేనేజరుకి ఫోను చెయ్యొచ్చు. చేస్తే, తన నమూనా ఒక పెద్దావిడని లేని డాక్టరు దగ్గరికి పంపిందని మీటింగ్‌కి ముందు తన నోటితోనే చెప్పాలి. ఆమె చేతులు అప్పటికే ఆ నంబరు నొక్కుతున్నాయి. లైను బిజీ. మళ్ళీ నొక్కింది. బిజీ.

ఇస్త్రీపెట్టె ప్లగ్గు లాగేసింది. మీటింగ్ బట్టలు బల్ల మీదే ఉండిపోయాయి.

“ఎక్కడికమ్మా అంత హడావిడిగా? మీటింగ్ మధ్యాహ్నం కదా?” అన్నారు మామగారు. ఆయన ముఖంలో వెలుగు ఇంకా అలాగే ఉంది. “ఆవిడొచ్చాక ఇద్దరూ కలిసి వెళ్దురుగాని. ఈపూట మీ అత్తయ్యని పట్టలేం చూడు!”

ఆమె నోరు తెరిచింది. ఆ ముఖం చూసి మళ్ళీ మూసేసింది. చెప్పుల్లో కాళ్ళు దూర్చి, గుమ్మం దాటి, మెట్లు రెండేసి చొప్పున దిగుతూ వీధిలోకి వెళ్ళిపోయింది.